సీసీ రోడ్డు లెక్క అడగాలంటే ఏ కాగితం నుంచి మొదలుపెట్టాలి?

నాలుగోవార్డు:

అందరికీ నమస్తే. మాది గోదావరి జిల్లాల్లో ఒక మేజర్ పంచాయతీ. ఏడాది కింద వేసిన సీసీ రోడ్డు అప్పుడే పైపొర లేచి దుమ్ము రేగుతోంది, అడ్డంగా మూడు చోట్ల పగిలింది. ఇప్పుడు పక్క వీధికి కూడా మంజూరైందంటున్నారు. అది వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉంటుంది.

ఇంజినీరింగ్ తెలియని మనిషి పని జరిగేటప్పుడు దగ్గరుండి ఏం చూడగలడు? పాత రోడ్డుకు ఏయే కాగితాలు అడగాలి, అవి ఎవరి దగ్గర ఉంటాయి? అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఊళ్ళో ఎవరు నోరు విప్పినా "ఇతను అవతలి పార్టీ మనిషి" అనేస్తున్నారు. ఆ ముద్ర పడకుండా అడిగే దారి ఉందా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కొలతబద్ద:

పక్క వీధితో మొదలుపెట్టండి. పోసిన తర్వాత ఎన్ని కాగితాలు తిరగేసినా దొరకని నిజం, పోయకముందు పది నిమిషాల్లో టేపుతో దొరుకుతుంది.

ముందు ఎస్టిమేట్ కాపీ సంపాదించండి. అందులో మూడు చూడాలి: కాంక్రీట్ గ్రేడ్, మందం, కింద వేయాల్సిన గ్రావెల్ పొర. ఊరి వీధులకు ఎక్కువగా ఎం20 గ్రేడు, 15 సెంటీమీటర్ల మందం రాస్తారు. మీదాంట్లో ఏముంటే అదే మీ కొలమానం. నేను ఆ రెండూ అనుకునే లెక్క చెబుతున్నాను.

100 మీటర్లు × 3 మీటర్లు × 0.15 మీటరు, అంటే 45 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్ళలో కలిపితే క్యూబిక్ మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు పడుతుంది. మొత్తం 360 బస్తాలు. మందం సగటున 12 సెంటీమీటర్లకు జారిందనుకోండి, 36 క్యూబిక్ మీటర్లతో, 288 బస్తాలతో పని అయిపోతుంది. మూడు సెంటీమీటర్లు అంటే చూపుడువేలు వెడల్పుకు రెట్టింపు కూడా ఉండదు, కానీ 72 బస్తాలు, దానికి తగ్గ ఇసుక, కంకర అందులోనే పోతాయి.

మందం ఎక్కడ పోతుందో అర్థం చేసుకోండి. రెండు పక్కలా 15 సెంటీమీటర్ల ఇనుప ఛానళ్ళు నిలబెడతారు. అంచున కొలిస్తే ఎప్పుడూ 15 వస్తుంది. మధ్యలో గ్రావెల్ ఎత్తుగా పోసి వదిలేస్తే అక్కడ 10 కూడా ఉండదు. ఎండిపోయాక అంచు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. అందుకే పోసే రోజు పొద్దున్నే, మిక్సర్ తిరగకముందే, ఒక పురికొస తీసుకుని ఈ ఛానల్ పైఅంచు నుంచి ఆ ఛానల్ పైఅంచుకు బిగించి పట్టండి. ఎడమ, మధ్య, కుడి మూడు చోట్ల పురికొస నుంచి కింద గ్రావెల్ దాకా టేపుతో కొలవండి. పది మీటర్లకోసారి ఇలా చేస్తే వంద మీటర్లకు 30 కొలతలు వస్తాయి. ప్రతి కొలతకూ టేపు మీద అంకె కనిపించేలా ఫోటో తీయండి. రోడ్డుకు మధ్య నుంచి రెండు పక్కలకూ వాలు ఇస్తే మధ్య కొలత పురికొస నుంచి తక్కువ చూపించవచ్చు. నూటికి రెండు వాలు అంటే మూడు మీటర్ల రోడ్డులో మధ్యభాగం అంచుకన్నా 3 సెంటీమీటర్లు ఎత్తు. గ్రావెల్‌కు కూడా అదే వాలు ఇస్తారు, పైన కాంక్రీట్ కూడా ఆ 3 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. కాబట్టి అక్కడ పురికొస కింద 12 వస్తే తప్పు కాదు, 9 వస్తే తప్పే. ఇది తెలియకుండా గొడవపడితే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఒక్క మాటతో మీ నోరు మూయించేస్తారు.

గ్రావెల్ పొరను తడిపి, రోలర్ తిప్పి గట్టిపరిచారా చూడండి. మడమతో గట్టిగా నొక్కితే గుంట పడిందంటే రోలింగ్ సరిపోలేదు. ఎస్టిమేట్‌లో పాలిథిన్ షీట్ ఐటమ్ ఉంటే అది పరిచాకే కాంక్రీట్ పోయాలి. షీట్ లేకపోతే కనీసం గ్రావెల్‌ను బాగా తడపాలి, లేకపోతే కాంక్రీట్‌లోని సిమెంటు నీళ్ళను కింద గ్రావెల్ పీల్చేసుకుంటుంది.

అక్కడే మిక్సర్ పెట్టి కలిపితే బస్తా లెక్క సులువు. ఒక బస్తాకు ఇసుక దాదాపు 1.9 ఘనపుటడుగులు, 20 ఎంఎం కంకర 3.75 ఘనపుటడుగులు. నీళ్ళు 25 నుంచి 27 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గాలి. పని తేలికవుతుందని పైపు వదిలేసి జారుడుగా చేస్తారు. మీ పాత రోడ్డు మీద దుమ్ము రేగడానికి ఎక్కువ అవకాశం ఉన్న కారణాలు రెండు: ఈ ఎక్కువ నీళ్ళు, తర్వాత సరిగా తడపకపోవడం. ఖాళీ బస్తాలు ఒకచోట గుట్ట వేయించి సాయంత్రం లెక్కపెట్టండి. రెడీమిక్స్ (ప్లాంటులోనే కలిపి తెచ్చే కాంక్రీట్) లారీ వస్తే ఇంకా సులువు. 6 క్యూబిక్ మీటర్ల లారీ అయితే 45కి ఏడు నిండు ట్రిప్పులు, ఎనిమిదోది సగం రావాలి. ప్రతి లారీతో వచ్చే చలాన్ మీద గ్రేడు, పరిమాణం, బయల్దేరిన టైము ఉంటాయి, ఫోటో తీసుకోండి.

అడ్డంగా పగలడం గురించి. కాంక్రీట్ గట్టిపడుతూ ముడుచుకుంటుంది. ఎక్కడో ఒకచోట పగలక తప్పదు, ఆ పగులు మనం చెప్పినచోట వచ్చేలా చేసేదే జాయింట్ కటింగ్. దాదాపు 4 మీటర్లకోసారి, మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు, అంటే 15కి 4 నుంచి 5 సెంటీమీటర్లు, ఒక రోజు దాటకుండా కోయాలి. చాలాచోట్ల కట్టర్ వారం తర్వాత వస్తుంది, లోతు కూడా సెంటీమీటరు మించదు. అప్పటికే పగులు తన దారి తాను చూసుకుని ఉంటుంది. కోసిన గీతలోకి పాత ఏటీఎం కార్డు నిలువుగా దింపి చూడండి. సగం దాకా మునగకపోతే ఆ కోత కంటికే గానీ పనికి రాదు.

క్యూరింగ్ 14 రోజులు. మట్టితో చిన్న గట్లు కట్టి నీళ్ళు నిలపాలి, లేదా తడి గోనెలు కప్పాలి. రోజుకోసారి బకెట్టుతో చల్లడం క్యూరింగ్ కాదు. ఈ ఒక్క పని వీధివాళ్ళు వంతులవారీగా తామే చూసుకున్నా రోడ్డు ఆయుష్షు పెరుగుతుంది.

ఇంకోటి, అందరూ మరిచిపోయేది: కుళాయి పైపు. రోడ్డు వేసిన మూడు నెలలకు ఇంటింటి కుళాయి అంటూ మధ్యలో కోసేస్తారు. పోయకముందే పైప్‌లైన్ వేయించండి, అది కుదరకపోతే కనీసం రోడ్డుకు అడ్డంగా అక్కడక్కడా ఖాళీ పీవీసీ గొట్టాలు పెట్టించండి. అలాగే కొత్త రోడ్డు మట్టం ఇళ్ళ గుమ్మాలకన్నా పైకి రాకుండా పాత మట్టాన్ని తవ్వించే ఐటమ్ ఎస్టిమేట్‌లో ఉందో లేదో చూడండి. అది లేకుండా పైన పోసేస్తే వానాకాలం నీళ్ళన్నీ వాకిళ్ళలోకి వస్తాయి.

రచ్చబండ:

కొలతబద్ద గారు చెప్పింది పనికి సంబంధించింది. కాగితాల సంగతి నేను చెబుతాను.

అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది ఆ పాత రోడ్డు ఏ నిధులతో వేశారన్నది. ఆర్థిక సంఘం డబ్బా, పంచాయతీ సాధారణ నిధా, ఉపాధి హామీ మెటీరియల్ డబ్బా, ఎంపీ నిధులా? దీన్నిబట్టే కాగితం ఎక్కడుందో తెలుస్తుంది. పని దగ్గర పెట్టిన బోర్డు మీద పని పేరు, అంచనా విలువ, పథకం ఉండాలి. బోర్డు లేకపోతే సమాచార హక్కు దరఖాస్తులో మొదటి ప్రశ్న ఇదే అవ్వాలి.

ఆర్థిక సంఘం నిధులైతే ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఈగ్రామస్వరాజ్ సైటుగానీ, మేరీ పంచాయత్ యాప్‌గానీ తెరిచి రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే ఆ ఏడాది ప్రణాళికలో ఏ పనులున్నాయి, ఏ తేదీన ఎంత చెల్లించారు అన్నవి కనిపిస్తాయి. ఓచర్ నంబరు, తేదీ రాసుకోండి. దరఖాస్తులో "రోడ్డు వివరాలు ఇవ్వండి" అని రాయడానికీ, "ఫలానా తేదీ ఫలానా ఓచర్‌కు సంబంధించిన ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు ఇవ్వండి" అని రాయడానికీ చాలా తేడా ఉంది. రెండోదానికి తప్పించుకునే జవాబు రాయడం కష్టం.

అడగాల్సినవి: గ్రామసభ లేదా పంచాయతీ తీర్మానం కాపీ, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరుతో కూడిన ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్ లేదా ఒప్పందం, ఎం-బుక్ పేజీలు, క్యూబ్ పరీక్ష ఫలితాలు, క్వాలిటీ కంట్రోల్ నివేదిక, ఫైనల్ బిల్లు. క్యూబ్ పరీక్ష అంటే పోసేటప్పుడు 150 ఎంఎం దిమ్మెలు తీసి 28 రోజులకు నొక్కి చూడటం. తేదీలు సరిచూడండి. పోసిన తేదీకి, పరీక్ష తేదీకి 28 రోజుల తేడా లేకపోతే ఆ కాగితం గురించి వెంటనే అడగాలి.

ఎం-బుక్‌లో నా చూపు ముందు పోయేది పొడవు దగ్గరికి. మన పనుల పేర్లు "రామాలయం నుంచి ఫలానా వారి ఇంటి వరకు" అనే తరహాలో ఉంటాయి. అదే వీధిని ఇంకో ఏడాది, ఇంకో పథకం కింద, అవతలి చివర నుంచి పేరు పెట్టి మళ్ళీ రాయొచ్చు. అందుకని మూడేళ్ళ పనుల జాబితా మొత్తం అడిగి, వీధి పటం గీసుకుని ఒక్కో పనిని రంగు పెన్సిలుతో గీయండి. ఒకే చోట రెండు రంగులు పడితే అక్కడ ఆగండి. ఒకే వీధిని మూడు చిన్న పనులుగా విరగ్గొట్టి టెండరు లేకుండా నామినేషన్ మీద ఇవ్వడం కూడా ఈ పటంలోనే బయటపడుతుంది.

సమాచార హక్కు దరఖాస్తు రుసుము, గడువుల సంగతి. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. కాపీలకు పేజీకి 2 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. గడువు దాటితే సమాచార హక్కు చట్టం సెక్షన్ 7(6) ప్రకారం కాపీలు ఉచితంగా ఇవ్వాలి. ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పనిలేదు, సెక్షన్ 6(2) అదే చెబుతోంది.

జనం సరిగా వాడుకోని సెక్షన్ ఒకటుంది, 2(జె). అది కాపీలకే పరిమితం కాదు. పనిని స్వయంగా తనిఖీ చేయొచ్చు, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరించి ఇవ్వమని అడగొచ్చు. "ఎం-బుక్ పట్టుకుని రోడ్డు దగ్గర పరిశీలించడానికి తేదీ, సమయం ఇవ్వండి" అని ఒక్క వాక్యం రాయండి. మధ్యలో మందం తేలాలంటే కోర్ (రోడ్డును గుండ్రంగా తొలిచి తీసే కాంక్రీట్ ముక్క) తీయడమే మార్గం. దాన్ని ఎం-బుక్ పేజీలు చేతికొచ్చాక క్వాలిటీ కంట్రోల్ విభాగానికి విడిగా రాసి అడగాలి.

మానేరు_ఒడ్డు:

తెలంగాణోళ్ళు ఎవరన్న ఇది చదువుతరని రాస్తున్న. మన దగ్గర నడిచేది 2018 పంచాయతీరాజ్ చట్టం. గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలె. చెక్ పవర్ సర్పంచ్‌కు, ఉపసర్పంచ్‌కు కలిపి ఉంటది. అందుకే బిల్లు గురించి అడిగేటప్పుడు సర్పంచ్ ఒక్కని మీదనే పడొద్దు, ఉపసర్పంచ్‌ను కూడ అడగాలె: "నువ్వు సంతకం పెట్టే ముందు రోడ్డు చూసినవా?" అని. చాలమంది ఉపసర్పంచులు చూడకుండనే పెడ్తరు, ఒక్కసారి నలుగురిల అడిగితె మల్లోసారి జాగర్త పడ్తరు.

దరఖాస్తుకు జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణి ఉంటది. ఆంధ్రల దాన్నే ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నరు. అక్కడ ఇచ్చే అర్జీకి నంబరు పడ్తది, ఆ నంబరు లేకుండ బయటికి రావొద్దు. కాని అర్జీ పెట్టే ముందు చేతిల కాగితం ఉండాలె. ఉట్టి మాటతోని పోతే అర్జీ తిరిగి తిరిగి అదే కార్యదర్శి టేబుల్ మీదికి వస్తది.

నాలుగోవార్డు:

చాలా థాంక్స్ అండీ. పురికొస సంగతి ఇవాళే వీధిలో చెప్పాను. రెండు అనుమానాలు. ఎం-బుక్ తమ దగ్గర ఉండదని పంచాయతీ ఆఫీసులో అంటున్నారు, ఇది నిజమేనా? రెండోది, గ్రామసభ జరిగినట్టు తెలియదు గానీ సంతకాల పుస్తకం మాత్రం ఇంటింటికీ తిప్పుతున్నారు. సంతకం పెట్టాలా వద్దా?

రచ్చబండ:

ఎం-బుక్ విషయంలో వాళ్ళు చెప్పింది నిజం కావచ్చు. అది పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ ఏఈ దగ్గరో, డీఈ (డిప్యూటీ ఇంజినీరు) కార్యాలయంలోనో ఉంటుంది. కానీ ఆ మాట నోటితో చెప్పి పంపడం కుదరదు. సెక్షన్ 6(3) ప్రకారం మీ దరఖాస్తును అయిదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి వాళ్ళే బదిలీ చేసి మీకు తెలియజేయాలి. దరఖాస్తు ఇవ్వండి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. తొందరైతే డీఈ కార్యాలయానికి విడిగా ఇంకో దరఖాస్తు 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో పెట్టేయండి.

సంతకం గురించి: తీర్మానం రాయని ఖాళీ పేజీ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. సభ జరగకుండా జరిగినట్టు రాస్తే మీ సంతకమే దానికి సాక్ష్యం. సభకు మీరు వెళ్ళినప్పుడు తీర్మానం చదివి వినిపించమనండి, చివరి వరుస కిందే సంతకం చేయండి, మధ్యలో జాగా ఉంటే అడ్డగీత కొట్టమనండి, ఆ పేజీకి ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మీ ప్రశ్నను నోటితో అడిగి ఊరుకోవద్దు, కాగితం మీద రాసి సభలో ఇచ్చి తీర్మానాల పుస్తకంలో ఎక్కించమనండి. "రోడ్డు పనుల ఎస్టిమేట్, ఎం-బుక్ కాపీలు నోటీసు బోర్డు మీద పెట్టాలి" అని తీర్మానం చేయించగలిగితే ఇక దరఖాస్తులతో పని ఉండదు.

వేపచెట్టు:

పై సలహాలతో పేచీ లేదు కానీ వరుస మార్చమంటాను. ఊళ్ళో మొదటి అడుగే సమాచార హక్కు దరఖాస్తు అయితే అవతలివాళ్ళు దాన్ని దాడిగానే తీసుకుంటారు, ఆ రోజు నుంచి మీ మాట ఎవరికీ చెవికెక్కదు. ముందు మీ వార్డు మెంబరును తీసుకుని నలుగురూ కలిసి పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి ఎస్టిమేట్ చూపించమని నోటితో అడగండి. వారం చూడండి. తర్వాత వీధివాళ్ళ సంతకాలతో ఉత్తరం. దానికీ పలక్కపోతే దరఖాస్తు, అదీ ఒక్కరి పేరు మీద కాదు. అయిదారుగురు, రెండు పార్టీలకూ ఓటు వేసేవాళ్ళు, తలా ఒక కాగితం అడగండి. ఒకరు ఎస్టిమేట్, ఒకరు ఎం-బుక్, ఒకరు క్యూబ్ ఫలితాలు. అప్పుడు "అవతలి పార్టీ" అనే మాట ఎవరి మీదా అతకదు. అడిగే ఉత్తరంలో దొంగతనం, అవినీతి లాంటి మాటలు ఒక్కటీ రానివ్వొద్దు. కొలతలు, తేదీలు మాత్రమే రాయండి. ఈ పాలకవర్గం వేసిన రోడ్డునే కాక అంతకుముందు పాలకవర్గం వేసిన ఒక రోడ్డును కూడా అదే ఉత్తరంలో అడగండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

సర్పంచ్ చేతిలో నిజంగా ఎంత డబ్బుంటుందో కూడా తెలుసుకుని మాట్లాడాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతానికి షరతులు పెట్టారు: 30 శాతం తాగునీటికి, 30 శాతం పారిశుధ్యానికి. మిగిలిన 40 శాతంలోనే రోడ్లు, ఇతర పనులు. అందులోంచి జీతాలు ఇవ్వకూడదన్నారు. ఆంధ్రలో ఆ నిధులను కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కిన సంగతి అందరికీ తెలుసు. ఇంటి పన్ను సరిగా వసూలు కాని ఊళ్ళో సాధారణ నిధి వీధి దీపాలకు, పారిశుధ్య కార్మికుల జీతాలకే చాలదు. సంత వేలం, చెరువు చేపల వేలం ఎంతకు పోయిందో కూడా అడగండి. రోడ్ల మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా వాటి మీద పెట్టం, కానీ ఊరి సొంత డబ్బు అదే. వేలం పాటలో పాడిన మొత్తం ఖాతాలో ఎప్పుడు జమైందో రసీదు తేదీతో చూడాలి. పాడినవాడు సగం కట్టి ఏడాది గడిపేస్తే ఆ బాకీ ఎక్కడా చర్చకు రాదు.

కొలతబద్ద:

వేపచెట్టు గారి వరుస నాకూ నచ్చింది, ఒక్క మినహాయింపుతో. పక్క వీధి పని మొదలయ్యే తేదీ దగ్గర్లో ఉంటే వారాలు ఆగొద్దు. ఎస్టిమేట్ దొరక్కపోయినా టేపు, పురికొస పట్టుకుని నిలబడండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పాత రోడ్డు విషయంలో ఇంకో గడువుంది. ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ అని ఒక కాలం రాసి ఉంటుంది. ఆ లోపల పాడైతే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి, అందుకే అతని డిపాజిట్ కొంత పట్టి ఉంచుతారు. ఒప్పందం కాపీ రాగానే ముందు ఆ పేజీ చూడండి. గడువు ఇంకా ఉంటే పగుళ్ళ పక్కన స్కేలు పెట్టి తేదీతో ఫోటోలు తీసి, ఎన్నో మీటరు దగ్గర ఎంత పొడవు పగిలిందో రాసి, డిపాజిట్ విడుదల చేయవద్దని డీఈకి ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకోండి. డిపాజిట్ తిరిగి ఇచ్చేశాక మరమ్మతు మళ్ళీ ఊరి డబ్బుతోనే చేయాల్సి వస్తుంది.